మంచులో పెరిగిన గీతలు

తెల్లారగట్ల మంచు దిగితే కొల్లేటి ఒడ్డున నేలేదో నీరేదో తెలియదు. జమ్ము పొదలు గాల్లో తేలుతున్నట్టుంటాయి. పిట్టల మాటలు వినిపిస్తాయి, పిట్టలు కనిపించవు. ఆ పొదల మొదట్లో, ఓ ఇరుకు బొరియలో, దూదమ్మ అనే కుందేలు ఇంకా నడక కుదరని తన పిల్లలతో కాపురం ఉండేది.

వానాకాలంలో కొల్లేరు నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు చప్పుడు లేకుండా పెరుగుతుంది. అందుకే దూదమ్మ తెల్లవారగానే ఫోను ముందు పెట్టుకుని కూచునేది. కొల్లేటి నీళ్లను మోసుకెళ్లే ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఉండే ఆమె నేస్తం, శంఖి అనే తెల్లకొంగ, రోజూ వీడియోలో కనిపించి నీళ్ల కబురు చెప్పేది. "సముద్రం నీళ్లు తాగుతోందే" అంటే ఆ రోజుకి భయం లేదు. "తాగడం లేదే" అంటే మాత్రం పిల్లల్ని నోట కరుచుకుని దిబ్బెక్కాలి.

ఆ కబురు అందేది బొరియలో ఉన్న వైఫై పెట్టె వల్ల. బొరియ నెత్తిన పరిచిన సోలార్ పలకే ఆ పెట్టెకి తిండి. దూదమ్మ ఆ పెట్టెను ఎప్పుడో గడ్డి వెనక మూలకి తోసేసింది. పనిచేస్తున్నంత కాలం దాన్నెవరు చూస్తారు? మన వీపు మనం చూసుకుంటామా!

ఆ మధ్య పక్క గట్టున ఓ నక్క గుంట తవ్వుకుని దిగింది. పేరు జంబయ్య. దిగిన రోజే బొరియ ముందు చేరి వినయంగా తోక ముడిచాడు.

"కోడలు పిల్లా, ఊరికి కొత్త. వానెప్పుడో వరదెప్పుడో తెలియదు. నీ వైఫై పేరూ, పాస్‌వర్డూ చెబితే ఓ మూల కూచుని కబుర్లు వింటా."

"దానికేం మామా, ఇరుగుపొరుగన్నాక!" అంటూ దూదమ్మ అడిగిందే తడవుగా చెప్పేసింది.

కొన్నాళ్లకి ఓ తెల్లవారుజామున శంఖి కనిపించలేదు. ఫోన్లో చక్రం తిరుగుతూనే ఉంది. పైన వైఫై పేరైతే ఉంది. దాని పక్కన ఒకే ఒక్క గీత, అదీ ఆరిపోబోయే దీపంలా వణుకుతోంది. దూదమ్మ వైఫై కట్టేసి మళ్లీ పెట్టింది. విమానం బొమ్మ నొక్కి, తీసింది. ఫోనే ఆపి మళ్లీ తెరిచింది. ఊహూ! అదే చక్రం. బయట నీళ్లు జమ్ము వేళ్లను నాకుతున్న చప్పుడు నిన్నటికంటే దగ్గరగా వినిపించింది.

"ఏం కోడలు పిల్లా, నెట్టు రావడం లేదా?" మంచులోంచి నక్క గొంతు.

"రావడం లేదు మామా. పెట్టెకేమన్నా జబ్బు చేసిందేమో చూడనా?"

"పెట్టె బాగోకపోతే దాని పేరు ఫోన్లో ఎలా కనిపిస్తుంది, పిచ్చిదానా! మంచుకి గాలి బరువెక్కింది, సిగ్నల్ బొరియలోకి దిగడం లేదు. ఫోను పట్టుకుని పైకి రా. గీతలు పెరిగే వైపు నడువు."

మాట సబబుగానే తోచింది. పిల్లల మీద గడ్డి కప్పి, ఫోను పట్టుకుని బయటికొచ్చింది. లోకమంతా పాలలో నానుతున్నట్టుంది. చూపుకి ఆనేది ఆ చిన్న తెర ఒక్కటే. కాసేపు నడిచేసరికి రెండో గీత వెలిగింది.

"చూశావా! ఇంకాస్త ముందుకి."

మూడో గీత. కాళ్ల కింద నేలుందో లేదో కూడా ఆమెకి తెలియడం లేదు. ఎవరో ముందు నడుస్తూ ఒక్కో దీపం వెలిగిస్తుంటే, ఆ వెలుగు వెంట నిద్రలో నడుస్తున్నట్టుంది. అంతలో గబ్బు వాసన ముక్కుకి తగిలింది. నక్క వాసన.

దూదమ్మ ఠక్కున ఆగింది. 'నా పెట్టె ఉన్నది నా ఇంట్లో. ఇంటికి దూరమయ్యేకొద్దీ గీతలు పెరగడమేమిటి? పొయ్యి నా ఇంట్లో ఉంటే సెగ పక్కింట్లో తగులుతుందా?'

ఆ పేరూ పాస్‌వర్డూ తాను ఎవరికి చెప్పిందో గుర్తొచ్చింది. జంబయ్య తనూ ఓ పెట్టె తెచ్చుకుని, దానికి అవే పెట్టుకున్నాడు! పరుగెత్తితే ఒక్క గెంతులో అందుకుంటాడు.

సరిగ్గా అప్పుడే, నక్క నెట్టు మీదే, ఫోను మోగింది. తెర మీద శంఖి!

"ఎక్కడికి పోయావే! సముద్రం నీళ్లు తాగడం లేదు. పిల్లల్ని తీసుకుని దిబ్బెక్కు!"

శంఖి వెనకాల ఇసుకలో జాలరుల కుక్కలు చేపల గంప చుట్టూ తిరుగుతున్నాయి. దూదమ్మ ఫోనుకి మూతి ఆనించి గుసగుసలాడింది. "ఎందుకని అడక్కు తల్లీ. ఆ కుక్కల మధ్యకి ఓ చేప విసురు."

ఫోను గొంతు చివరికంటా పెంచి గడ్డిలో పెట్టింది. శంఖి చేప విసరగానే మంచు నిండా మొరుగులే. పదిమంది వేటగాళ్లు ఒక్కసారి కుక్కల్ని వదిలినట్టుంది.

"కుక్కల్లారా, ఇటు! గుంట ఇక్కడే ఉంది, వాసన పట్టండి!" అని దూదమ్మ గొంతు చించుకుని అరిచింది.

నక్కకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఎటు దూకుతున్నాడో చూడకుండా దూకాడు. దబ్బుమని ఊబిలో పొట్టదాకా దిగబడ్డాడు.

దూదమ్మ ఫోను అందుకుని ఒక్క పరుగున ఇల్లు చేరింది. గడ్డి తప్పించి చూస్తే పెట్టె చీకటిగా ఉంది. పైకెక్కితే సోలార్ పలక నిండా బురద, బురదలో నక్క గోళ్ల జాడలు. ముందు పిల్లల్ని దిబ్బకి చేర్చింది, తర్వాత పెట్టెనీ పలకనీ. పలక తుడిచేసరికి మంచు చీలి కాస్త ఎండ పడింది. పెట్టె మీద పచ్చ దీపం మెల్లగా కన్ను తెరిచింది. కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ పెట్టుకుని, ఫోన్లో పాతది చెరిపేసింది.

మధ్యాహ్నానికి బొరియా మునిగింది, నక్క గుంటా మునిగింది. జంబయ్య ఎలాగో ఊబిలోంచి బయటపడి ఓ తాటి మొద్దెక్కి వణుకుతున్నాడు. అతని పెట్టె ఎప్పుడో నీళ్లపాలైంది.

"కోడలు పిల్లా! నీళ్లు తీస్తాయా, ఇంకా పెరుగుతాయా?"

దూదమ్మకి జాలేసింది. "పెరుగుతాయి మామా. పడమటి గట్టుకి ఈదు, అటు లోతు లేదు."

"అటు కుక్కలున్నాయేమో?"

"ఈ చుట్టుపక్కల కుక్కలన్నవే లేవు మామా," అంది దూదమ్మ పిల్లల ఒళ్లు తుడుస్తూ. "పొద్దున కూడా లేవు."

జంబయ్య చెవులు వాల్చి నీళ్లలోకి దిగాడు, పడమటి గట్టు వైపు ఈదాడు.

నీతి: ఇల్లు దాటేకొద్దీ పెరిగే వెలుగు మనింటి దీపానిది కాదు.