అరవై రెండు సంతకాల అర్జీ

భీమవరం దగ్గర రొయ్యల మేత కంపెనీ నడిపే సూర్యజోగిరాజు గారికి కిరీటం లేదు. కోపం వచ్చినప్పుడు మాత్రం ఆ లోటు ఎవరికీ కనిపించదు.

ఆ సోమవారం ఆయనకు కోపం వచ్చింది. మేత కొనే పెద్ద వ్యాపారులు ఆర్డర్లు పెట్టే సైటు ఒకటుంది. దాన్ని చూద్దామని స్వయంగా కంప్యూటర్ ముందు కూర్చుంటే, 'మీ బ్రౌజర్ పాతది, మార్చుకుని రండి' అని తెర మీద పడింది.

వెంటనే మీటింగు హాల్లో దర్బారు తీరింది.

"నా కంప్యూటరే నన్ను పాతవాడివి పొమ్మంటోందండీ!" అన్నారు రాజుగారు. "నెలాఖరుకల్లా కంపెనీ మొత్తం కొత్త బ్రౌజర్‌కి మారిపోవాలి. పని ఒక్క గంట ఆగకూడదు. ఎవరూ నా దగ్గరకొచ్చి గోల పెట్టకూడదు. ఎవరు చేస్తారు?"

సిస్టమ్స్ మేనేజర్ చక్రధరం లేచాడు. కంప్యూటర్ల శాఖకు ఆయనే పెద్ద. ఆయన కంప్యూటర్ ముట్టుకోగా చూసినవాళ్లు మాత్రం లేరు. ఏదైనా సరే అచ్చు వేయించుకుని, ఎర్ర పెన్నుతో చదువుతాడు.

"తొమ్మిది నెలలు పడుతుందండి. మన ఆఫీసు పనులు చేసుకునే పేజీలు నలభై రెండూ ఆ పాతదాంట్లోనే తెరుచుకుంటాయి. ముందు కమిటీ వెయ్యాలి. తర్వాత విశాఖపట్నంలో ట్రైనింగు. నూట పద్నాలుగు పేజీల ప్లాను రాశానండి."

"తొమ్మిది నెలలా? బిడ్డనే కనొచ్చు గదండీ!"

కొత్తొక వింత, పాతొక రోత అంటారు గానీ, ఆఫీసుల్లో ఆ సామెత తిరగబడుతుంది. స్టోర్సు మొదలుకుని తూకం కాటా దాకా అందరిదీ ఒకటే పాట. "పాతదే బాగుందండి! చెయ్యి అలవాటు పడిపోయిందండి!"

అప్పుడు వెనక బెంచీ దగ్గర నుంచి ఒక గొంతు వినిపించింది.

"నెలాఖరుకి అయిపోద్దండి."

ఆ గొంతు లోవకుమారిది. కంప్యూటర్లు మొరాయిస్తే బాగుచేసే మనిషి. ఆరేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. ఆ కాంట్రాక్టు కూడా సరిగ్గా నెలాఖరుకే ముగుస్తుంది, ఈసారి పొడిగించేది లేదని చక్రధరం అప్పుడే చెప్పేశాడు.

చక్రధరం నవ్వాడు. "చెయ్యలేకపోతే?"

"మీరెలాగూ పంపించేస్తున్నారు గదండీ. అలాగే వెళ్లిపోతాను. చేస్తే మాత్రం నా ఉద్యోగం పర్మినెంటు చెయ్యాలండి రాజుగారూ. ఇంకొక్కటి. నెలాఖరు దాకా నేనేం చేస్తున్నానో ఎవరూ అడక్కూడదండి. తమరు కూడా."

"ఆయ్, అలాగే కానివ్వమ్మా," అన్నారు రాజుగారు.

లోవకుమారి పుస్తకం పట్టుకుని బల్లబల్లకీ తిరిగింది. 'మీకేం కావాలి' అని ఎవర్నీ అడగలేదు. అడిగితే అందరికీ అన్నీ కావాలి. వెనక నిలబడి, ఎవరు ఏ పేజీ తెరుస్తున్నారో చూసి రాసుకుంది.

నలభై రెండులో ముప్ఫై మూడింటిని మూడేళ్లుగా ఎవరూ తెరవలేదు. వాటిలో ఒకటి, ఎప్పుడో మూతపడ్డ క్యాంటీన్ టిఫిన్ల పట్టిక. మిగిలిన తొమ్మిదిలో ఏడు కొత్త బ్రౌజర్‌లో ఇట్టే తెరుచుకున్నాయి. మొండికేసినవి రెండే, సెలవు చీటీ, కాటా రసీదు. ఆ రెంటినీ మొదట తయారుచేసిన ప్రోగ్రామరుని బతిమాలి వారంలో మార్పించింది. ఆ తర్వాత వచ్చిన ఆదివారం ఒక్కతే ఆఫీసుకొచ్చి పొద్దంతా ఏదో చేసుకుంది.

సోమవారం అకౌంట్సు అప్పలనరసింహం అడిగాడు.

"ఏమ్మా, ఈ కంప్యూటరేంటి, కాస్త చురుగ్గా ఉంది?"

"దుమ్ము దులిపానండి."

నెలాఖరు వచ్చింది. దర్బారు మళ్లీ తీరింది. చక్రధరం చేతిలో ఒక అర్జీ, దాని కింద అరవై రెండు సంతకాలు.

"ఈ అమ్మాయి ఏమీ చెయ్యలేదండి! ఏ తెర మీద చూసినా, బ్రౌజర్ తెరవడానికి నొక్కే ఆ పాత బొమ్మే ఉంది. పైగా సిబ్బంది అందరూ ఏం రాశారో వినండి." గొంతు సవరించుకుని చదివాడు. "'మేము ఇప్పుడు వాడుతున్న బ్రౌజర్ ఎంతో బాగున్నది. ఈ పది రోజులుగా మరీ బాగున్నది. దీనిని తీసివేయవద్దని వేడుకొనుచున్నాము.'"

"నిజమేనండి. వెన్నలా నడుస్తోందండి," అన్నాడు అప్పలనరసింహం.

రాజుగారు ముఖం గంటు పెట్టుకున్నారు. "ఏమ్మా, నమ్మి ఊరుకున్నాను గదా. ఇదేంటి?"

లోవకుమారి చేతులు కట్టుకుని నిలబడింది.

"తమర్ని పొమ్మన్న సైటు ఒక్కసారి తెరవండి రాజుగారూ. ఈ హాల్లో కంప్యూటర్‌లోనే, ఆ పాత బొమ్మ మీదే నొక్కండి."

రాజుగారు నొక్కారు. సైటు చక్కగా తెరుచుకుంది. పైన 'సుస్వాగతం' అని కూడా ఉంది.

"ఇదెలా?" అన్నాడు చక్రధరం.

"పాతది తీసేసి పదకొండు రోజులైందండి. అందరి కంప్యూటర్లలో ఉన్నది కొత్తదే. పైన పాత బొమ్మ అతికించాను, మీటలు పాత చోటనే సర్దాను. చెయ్యి అలవాటు పడింది ఆ బొమ్మకేనండి."

అరవై రెండు మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చక్రధరం మెల్లగా అర్జీ మడిచి జేబులో పెట్టుకోబోయాడు.

"అది మడవకండి," అంది లోవకుమారి. "రాజుగారూ, నాదొక మనవి. వాళ్ల అర్జీ మన్నించండి. ఇప్పుడు వాడుతున్నదాన్ని తీసెయ్యకండి!"

రాజుగారు కుర్చీ అదిరేలా నవ్వారు. ముందు అప్పలనరసింహం, ఆ వెనకే హాలంతా పకపకలాడింది. రాజుగారు అర్జీ అందుకుని 'మంజూరు' అని అడ్డంగా రాసి, సంతకం గిలికి, కళ్లు తుడుచుకున్నారు.

"చక్రధరం గారూ, మీ ప్లాను నూట పద్నాలుగు పేజీలకీ వెనకవైపు ఖాళీయే గదండీ? లోవకుమారికి పర్మినెంటు ఆర్డరు దాని మీద రాయండి. ఆ ఎర్ర పెన్నుతోనే!"