మొదటి వాయి

వాగుకి అవతల ఎరకమ్మ అనే ఎలుగుబంటి మిరపకాయ బజ్జీల కొట్టు నడిపేది. ఆ బజ్జీల కోసం కుందేళ్ల వెనకాల తోడేలు కూడా బుద్ధిగా వరసలో నిలబడేదంటే రుచి ఎలాంటిదో మీరే ఊహించుకోండి. మాకూ ఓ బ్రాంచి ఇవ్వమని అడివంతా ఆవిడ వెంట పడింది.

ఎరకమ్మ షరతు ఒక్కటే. "నా పేరు పెట్టుకోండి. కానీ ముందు ఇరవై ఒక్క రోజులు నా వంటింట్లో ట్రైనింగ్ చెయ్యాలి. యజమానే చెయ్యాలి."

నక్క సింగన్న ఎగిరి గంతేశాడు. కొండదారి పక్కన ముళ్లపందికి మంచి జాగా ఉంటే, తన బొరియ దానికిచ్చేసి ఆ జాగా పుచ్చుకున్నాడు. ఇక కొట్టు లేకపోతే తల దాచుకునే చోటు లేదు. అంతకి తెగించినవాడు కాస్త ఒళ్లు వంచాలా వద్దా? అబ్బే!

మొదటి రోజే మూకుడు తోమమంటే నడుం పట్టుకున్నాడు. అక్కడ నీళ్లు మోసే గాడిద గవరయ్యని పిలిచాడు.

"మావా, కాస్త నువ్వు తోముదూ. నేను పర్యవేక్షణ నేర్చుకుంటున్నాను."

"అంటే ఏం పని అల్లుడూ?"

"చూడ్డం."

"అమ్మో, అంత పెద్ద పని నాకు రాదులే," అని పాపం గవరయ్య తోమేశాడు.

పిండి కలిపిందీ గవరయ్యే. గిట్ట అంచుతో నొక్కి మిరపకాయలు చీల్చిందీ, వాము కూరిందీ గవరయ్యే. సింగన్న నీడలో పడుకుని "శభాష్ మావా" అనేవాడు. రేపు వంటకి ఇతన్నే పెట్టుకుంటే సరిపోతుందని వాడి ధీమా. ఎరకమ్మ అంతా చూస్తూనే ఉంది. "నీ కొట్టు, నీ ఇష్టం," అని ఊరుకుంది.

ప్రారంభం రోజు మామిడి తోరణాలు కట్టారు. అడివంతా దిగింది. సింగన్న ఉపన్యాసానికి గొంతు సవరించుకున్నాడు.

"మాటలు తర్వాత," అంది ఎరకమ్మ. "మొదటి వాయి యజమాని చేత్తోనే దించాలి. అది బావుంటేనే బోర్డు మీద నా పేరు."

"వంటకి మావ ఉన్నాడుగా పెద్దమ్మా?"

"మావకి జ్వరమొస్తే కొట్టు మూస్తావా?"

సింగన్న చకచకా మిరపకాయలు చీల్చాడు. అందరూ చూస్తున్నారు కదా అని మీసం మెలేశాడు. ముక్కు భగ్గుమంది. కళ్లలో నీళ్లు తిరిగితే అదే చేత్తో నులుముకున్నాడు.

"అమ్మోయ్! చచ్చాన్రా దేవుడో!"

మంటకి తాళలేక, ఏది దొరికితే అందులో, శనగపిండి గిన్నెలోనే తల ముంచేశాడు.

"బజ్జీ వెయ్యమంటే వీడే తయారయ్యాడేంట్రా!" అని కాకి అరిచింది. ఇక చూడండి నవ్వులు.

"సింగన్నా, మూడో రోజు పాఠం ఏంటి?" అంది ఎరకమ్మ.

వెనక నుంచి గవరయ్య మెల్లగా అన్నాడు. "చేతులకి నూనె రాసుకోవాలి పెద్దమ్మా. మిరపకాయ చీల్చిన చెయ్యి మొహం మీదకి పోకూడదు."

ముందు మజ్జిగ తెచ్చి నక్క కళ్లు కడిగాడు. తర్వాత మళ్లీ పిండి కలిపి వాయి దించాడు. ఎరకమ్మ ఒకటి కొరికి, ఇంకోటి అందుకుని, గరిటె గవరయ్య చేతిలో పెట్టింది. "ఈ బ్రాంచి నీది."

"జాగా నాది!" అని సింగన్న లబలబలాడాడు.

"నీదేరా. ఉత్త జాగాని నూనెలో వేయిస్తావా? వద్దంటే చెప్పు, గవరయ్య వాగు ఒడ్డున పెట్టుకుంటాడు."

సింగన్నకి బొరియ గుర్తొచ్చింది. "మావా... మరి నేనెక్కడ పడుకోను?"

"కొట్టు వెనకాల పడుకో అల్లుడూ. తెల్లారగానే లేచి మూకుడు తోము. అది బాగా వచ్చాక పిండి సంగతి చూద్దాం."

సింగన్న సిగ్గుతో చచ్చిపోయాడు. అయినా తోమాడు.

పేరు అడిగి తెచ్చుకోవచ్చు గానీ, పని మాత్రం చేసే నేర్చుకోవాలి.