ఎదురుకోలమ్మ గట్టు

పూర్వం కళింగసీమలో, నీలిగెడ్డ అనే కొండవాగు ఒడ్డున, తమలపాకు తోటలే జీవనాధారమైన వీరన్నవలస గ్రామంలో, తవిటయ్య అనే గృహస్థు అచ్చియ్యమ్మ అనే ధర్మపత్నితోను, గున్నయ్య అనే ఏకైక కుమారునితోను కాలం గడుపుతూ ఉండేవాడు. భార్యను పేరుపెట్టి పిలిస్తే ఆయుఃక్షీణమని ఆనాటివారి నమ్మకం గనుక, అతడు తోటనుండి వచ్చి వాకిట నిలబడి "గున్నా!" అని కేకవేసేవాడు. ఆ కేక తనకేనని ఎరిగిన అచ్చియ్యమ్మ, కుమారుడు ఇంట ఉన్నా లేకున్నా, నీళ్ళచెంబుతో ఎదురు వచ్చేది.

ఒక శ్రావణమాసంలో గెడ్డకు వరద వచ్చి, ఆవలిగట్టున చిక్కుకొన్న దూడను తోలుకొని రాబోయిన గున్నయ్యను ప్రవాహం అపహరించింది. కళేబరం దొరకలేదు గనుక పాడె కట్టలేదు. పాడె లేనందువల్ల, ఊరికీ శ్మశానానికీ నడుమ శవాన్ని దించి, ప్రాణం మిగిలి ఉందేమోనన్న ఆశతో చెవిలో పేరుపెట్టి పిలిచే దింపుడుకళ్ళం వద్ద ఆ బాలుని పేరు ఎవ్వరూ పిలవలేదు. దర్భలతో ప్రతిమను చేసి శాస్త్రోక్తంగా దహనం జరిపించినప్పటికీ, పిలుపు అందని బిడ్డ పైలోకంలో పెద్దల చెంతకు చేరాడో, దారి తెలియక నడుమనే తిరుగుతున్నాడో అన్న సంశయం ఆ తల్లిని పగలు కూర్చోనివ్వలేదు, రాత్రి కన్నుమూయనివ్వలేదు.

మరుసటి ఏడు విషజ్వరం సోకి అచ్చియ్యమ్మ కూడా ప్రాణం విడిచింది. గెడ్డ ఒడ్డునున్న మిట్టమీద, దింపుడుకళ్ళం వద్ద, పాడెను దించారు. తవిటయ్య ఆమె చెవివద్దకు వంగాడే గాని, కాపురమంతటిలో ఒక్కసారైనా పలకని ఆ పేరు అతని నోట రాలేదు.

"పేరెట్టి పిలవరా! ఇప్పుడు కూడా సిగ్గేనేటి?" అని గ్రామపెద్ద సూర్నాయుడు గద్దించగా, తవిటయ్య నోట అలవాటైన మాటే వెలువడింది.

"గున్నా!"

"పెళ్ళాం పేరు మరిసిపోనావేటిరా!" అన్నాడు సూర్నాయుడు. తవిటయ్య మళ్ళీ వంగి, మళ్ళీ "గున్నా!" అనే అన్నాడు. అప్పుడు అచ్చియ్యమ్మ ముఖం మెల్లగా ఊరివైపు తిరిగింది. రెప్పలు విచ్చుకున్నాయి.

పాడె మోసిన బోయీలు పరుగుతీశారు, స్త్రీలు మోకరిల్లారు, డప్పులు మంగళవాద్యాలుగా మారాయి. తిరిగి వచ్చిన ఆ ఇల్లాలి ముఖంలో మాత్రం సంతోషం కానరాలేదు.

"ఎందుకు పిలిసినావు మావా?" అన్నది ఆమె. "మన గెడ్డలాంటిదే అక్కడా ఉంది. నీళ్ళకి సప్పుడు నేదు. అవతలగట్టున జనం నిలబడున్నారు. ఆళ్ళలో మన గుంటడున్నాడేమోనని సూడబోతన్నాను. ఎనకనుంచి నీ కేక వినపడింది. నీళ్ళకోసమనుకొని ఇటు తిరిగీసినాను. ఇంకొక్క అడుగేస్తే, ఆడున్నాడో నేడో తెలిసిపోయీది."

ఈ వృత్తాంతం వ్యాపించిన పిమ్మట, తమవారి జాడ తెలుసుకోగోరి చుట్టుపక్కల గ్రామాలనుండి జనులు ఆ ఇంటికి రాసాగారు. "మా అత్త అవుపడిందా ఒలె? అక్కడైనా నోరు మూసుకుందా?" అని పొరుగింటి పోలమ్మ అడిగితే, వాకిట ఉన్నవారందరూ నవ్వారు గాని, అడిగిన పోలమ్మ నవ్వలేదు. మసకలో ముఖాలు ఆనవాలు తెలియలేదనే అచ్చియ్యమ్మ అందరికీ చెప్పేది. "ఆడున్నాడని ఒక్క మాటనే. నీకూ నాకూ కూడా నిద్దరడతాది" అని ఒకనాడు భర్త ప్రాధేయపడగా, "సూడందే ఎలాగంటాను మావా?" అన్నది.

నాటినుండి ఆమె తింటున్న కంచం వదిలి, ఏరుతున్న బియ్యం వదిలి, ఆ మిట్టమీదికి వెళ్ళి ఆవలిగట్టును చూస్తూ నిలబడేది. ఏ పేరు పలికితే ఏమవుతుందోనన్న భయంతో తవిటయ్య ఆ కేక మానివేశాడు. పిలవడానికి వేరొక మాట లేనివాడై, తోటనుండి వచ్చి వాకిట ఊరకే నిలబడేవాడు. ఆమె చూసినప్పుడే నీళ్ళు.

ఈ విధంగా చాలా ఏండ్లు గడిచి, వార్ధక్యంలో అచ్చియ్యమ్మ తిరిగి మరణించింది. ఆమె మళ్ళీ లేస్తుందన్న నమ్మకంతో ఊరు ఊరంతా పాడెవెంట నడిచింది. "ఎలాగ పిలిస్తే వచ్చిందో అలాగే పిలవరా!" అన్నాడు ముదుసలియైన సూర్నాయుడు. తన ఒక్క కేకతో ఆమె వెనుదిరుగుతుందని తవిటయ్య ఎరుగును. ఆమె లేని ఇంటిలో ఒక్క పూటైనా గడపడం తనకు చేతకాదనీ ఎరుగును. అతడు వంగి, పెదవులు ఆమె చెవికి ఆనించాడు.

పిదప పిలవకుండానే లేచి, పాడె చుట్టూ తిరిగి, ఆమె పాదాలకు అవతల, గెడ్డకు అభిముఖంగా నిలబడి, వృద్ధాప్యంలో మిగిలిన బలమంతా కూడదీసుకొని ఎలుగెత్తాడు.

"గున్నా! మీయమ్మ వస్తన్నాది! ఎదురు రారా!"

అందరూ పాడెవైపు చూశారు. అచ్చియ్యమ్మ కన్నులు తెరవలేదు. ఆకాశానికి ఎదురుగా పడుకోబెట్టిన ఆ ముఖం మాత్రం ఈసారి గెడ్డవైపు తిరిగి ఉంది. ఆవలిగట్టునుండి బదులు వినవచ్చిందని కొందరన్నారు. తవిటయ్య మాత్రం వినవచ్చిందని గాని, వినరాలేదని గాని, బ్రతికినన్నాళ్ళూ చెప్పలేదు.

కొంతకాలానికి ఆ మిట్టమీద స్త్రీమూర్తిని పోలిన శిల ఒకటి స్వయంవ్యక్తమైనది. ఊరికి వీపు, గెడ్డకు ముఖమై వెలసిన ఆ తల్లి ఎదురుకోలమ్మగాను, ఆ స్థలం ఎదురుకోలమ్మ గట్టుగాను ప్రసిద్ధి పొందాయి. నేటికీ వీరన్నవలసవారు దింపుడుకళ్ళం వద్ద మృతుల చెవిలో పేరు పిలవరు. ముందుగా వెళ్ళిన ఆత్మీయుని పేరు గెడ్డవైపు తిరిగి పిలుస్తారు. దేహాలు దొరకనివారి బంధువులు శ్రావణ అమావాస్యనాడు దూరప్రాంతాలనుండి వచ్చి, అమ్మవారి ముందు నీళ్ళచెంబు ఉంచి, తమవారిని పేరుపేరునా పిలిచి వెళ్తారు. పిలిచిన తరువాత బదులు కోసం నిలబడరాదని అక్కడి నియమం. నిలబడకుండా వెళ్ళినవారిని ఇంతవరకు ఎవ్వరూ చూడలేదు.