గవరమ్మ తాడు వాసన

ఊఁ కొడితేనే చెబుతాను, నిద్రపోతే మీ ఖర్మ. మన ఊరికి ఇంకా పేరు కూడా పెట్టని రోజుల్లో గవరమ్మ అని ఒకావిడ ఉండేది. గోగునార తీసి తాళ్లు పేనేది. ఆవిడ మొగుడు సన్నాసి నూతులు తవ్వేవాడు. పెళ్లాం పేనిన తాడు నడుముకి కట్టుకునే దిగేవాడు.

గోగుకట్టల్ని ఊరవతల ఉప్పుమడుగులో నానేసి, కుళ్లాక నార తియ్యాలి. ఆ గబ్బు, బాబోయ్! ఎంత తోముకున్నా ఒంటిని వదలదు. అందుకని విందుల్లో గవరమ్మకి ఎక్కడో చివర విస్తరి వేసేవారు. పాపం, సగం తిని లేచిపోయేది.

ఒక ఏడు వాన చుక్క లేదు. ఊరి నుయ్యి ఎండిపోయింది. కొత్త నుయ్యి సగం తవ్వేసరికి పాత తాడు చీకిపోయింది.

ఊరిపెద్ద నాయుడు మడుగు దగ్గరికొచ్చాడు.

"గవరమ్మా, తాడయిందా?"

"లేదు బాబూ, నాననీండి."

మళ్లీ వచ్చాడు.

"అయిందా?"

"నాననీండి బాబూ."

మూడోసారి మండిపడుతూ వచ్చాడు. "పిల్లల గొంతులు ఎండిపోతున్నాయే! ఇంకా నానడమేంటి?"

గవరమ్మ పెదాలూ పగిలే ఉన్నాయి. "తోలూ, మెత్తటి గుజ్జూ కుళ్లి పోవాలి బాబూ. గాలివానలో గోగుని నిలబెట్టింది లోపలి నారే. రేపు నా మొగుణ్ణి నిలబెట్టేదీ అదే. నాననీండి."

నాయుడు వినలేదు. సగం కట్టలు లాగించి, తన మనుషుల చేత తాడు పేనించాడు. లావుగా ఉంది, వాసనే లేదు. దాన్ని సన్నాసి నడుముకి కట్టబోతుంటే గవరమ్మ నూతికి అడ్డంగా కూర్చుంది.

"ముందు బండ కట్టి దింపండి. బండ తిరిగొస్తే నా మనిషిని దింపండి."

దింపారు. పైకి లాగుతుంటే తాడు ఫట్‌మని తెగింది. సన్నాసి తన నడుము తడుముకున్నాడు. నాయుడు తల దించుకున్నాడు.

ఈసారి నాననిచ్చారు. ముక్కులు మూసుకుని ఊరంతా మడుగులో దిగి నార కడిగింది. గవరమ్మ తాడు పేనింది. సన్నాసి దిగాడు. గునపం దెబ్బకి జల పడింది, వెంటనే పక్క గోడ విరిగి అతని మీద కూలింది.

"లాగండర్రా!" అని గవరమ్మ కేక పెట్టింది. నాయుడూ లాగాడు. తాడు కిర్రుమంది, కిర్రుమంది, మళ్లీ కిర్రుమంది. తెగలేదు. సన్నాసి బురదముద్దై పైకొచ్చాడు. గవరమ్మ అతణ్ణి పట్టుకుని బావురుమంది. ఏడుస్తూనే నాలుగు తిట్లు కూడా తిట్టింది.

జల పడ్డ విందులో ఆవిడ అలవాటుగా చివరికి నడిచింది. నాయుడి భార్య ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఎక్కడికే? నా పక్కన కూర్చో."

"గబ్బమ్మా నా దగ్గర."

"ఆ గబ్బే కదే మన గొంతులు తడిపింది! కూర్చో."

ఆ రోజు గవరమ్మ కడుపునిండా తింది.

చాన్నాళ్లకి, పండు ముసలిదయ్యాక కన్నుమూసింది. ఆవిడ పాడె కట్టింది కూడా గోగునారతోనే. ఇప్పటికీ మనవైపు నుయ్యి తవ్వేవాళ్లు కొత్త తాడుని ముందు వాసన చూసి, తర్వాత కళ్లకద్దుకుంటారు. వాసన రాకపోతే దిగరు. ఎవరైనా తొందరపెడితే "నాననీ, గవరమ్మ చూస్తోంది" అంటారు. జల పడ్డాక విందులో మొదటి విస్తరి ఆవిడదే. అన్నీ వడ్డిస్తారు. పక్కన కూర్చోడానికి ఆడవాళ్లు పోటీ పడతారు.