నూకరత్నం అడిగిన పేర్లు

అనగనగా అంటే చాలు, మీకు ఆవలింతలొస్తాయి. లేచి కూర్చోండి. ఇది నిద్రపుచ్చే కథ కాదు.

మా తాతల తాతల నాడు ఏటి ఒడ్డున ఒక పేపరుండేది. పేరు ‘ఏటిగట్టు’. పెద్దయ్యగారు పెట్టారు. ఆయన తర్వాత కొడుకు, కొడుకు తర్వాత మనవడు. బయటివాళ్ల పెత్తనం పడనిచ్చేవాళ్లు కాదు. కానీ అచ్చుమిషను చక్రం తిప్పే చెయ్యి మాత్రం వాళ్లది కాదు, నూకరత్నానిది. ఆవిడ తిప్పితేనే పేపరు, లేకపోతే తెల్లకాగితం.

నూకరత్నానికి ఒక్కడే కొడుకు, సూరిగాడు. సంతకెళ్తానని పడవెక్కాడు. నడి ఏట్లో సుడిగాలి లేచి పడవ తిరగబడింది. వాడి శవం కూడా దొరకలేదు. అయ్యో, ఆ తల్లి! మర్నాడు కూడా వచ్చి చక్రం తిప్పింది, వాడి పేరు పేపర్లో పడుతుందని. చదువు రాదుగా, ఎవరిచేతో చదివించుకుంది.

“జమీందారుగారి మేనల్లుడు, బియ్యం వర్తకుడు, మరికొందరు మృతి.”

“మా సూరిగాడేడండీ?”

“మరికొందరిలో ఉన్నాడమ్మా.”

ఇంక ఆవిడ కూర్చోలేదు, నిలబడలేదు, కాలు ఒక్కచోట ఆగలేదు. సరాసరి పెద్దయ్యగారి దగ్గరికెళ్లింది.

“అయ్యగారూ, మావోడు మరికొందరు కాదండి. ఆడికి పేరుందండి.”

“చోటు లేదే, నూకరత్నం. తలనూనె ప్రకటన వెయ్యాలి.”

తలనూనె! ఒళ్లు మండదూ మీకు? నాకైతే మండుతుంది.

పెద్దయ్యగారు పోయారు. కొడుకు ఆ కుర్చీలో కూర్చున్నారు. నూకరత్నం కూర్చోలేదు, నిలబడలేదు, కాలు ఒక్కచోట ఆగలేదు.

“అయ్యగారూ, మావోడు మరికొందరు కాదండి. ఆడికి పేరుందండి.”

“పాచిపోయిన వార్త. జనం నవ్విపోతారు. వెళ్లి చక్రం తిప్పు.”

తిప్పింది. ఏం చేస్తుంది మరి?

ఆయనా పోయారు. మనవడు చినబాబుగారొచ్చారు. నూకరత్నం జుట్టు తెల్లబడింది, నడుం వంగింది. మళ్లీ అదే మాట.

“మీవాడొక్కడి పేరే వేస్తే మిగతా తల్లులు ఊరుకుంటారా?” అన్నారు చినబాబుగారు. “అందరి పేర్లూ పట్రా, వేస్తాను.” వదిలించుకుందామని అన్న మాటలెండి అది.

“అడిగొస్తానండి,” అని చక్రం వదిలేసి బయల్దేరింది.

రేవు రేవుకీ వెళ్లింది. “ఆ పడవలో మీవోళ్లెవరైనా పోయారామ్మా?” ఒకచోట కుక్కల్ని ఉసిగొల్పారు. ఒకచోట బిచ్చగత్తె అనుకుని గంజి పోశారు. ఒకచోట ఒక ముసలాయన “మా పాపాయమ్మ పేరు అడగడానికి ఇన్నాళ్లకి ఒకరొచ్చారా!” అని భోరుమన్నాడు. పేరు దొరికినప్పుడల్లా వచ్చి చినబాబుగారికి చెప్పేది, మంచినీళ్లు కూడా ముట్టకుండా మళ్లీ పోయేది. చినబాబుగారికి మొదట విసుగేసింది. తర్వాత సిగ్గేసింది. ఆ తర్వాత ఆవిడ ఎప్పుడొస్తుందా అని ఆయనే గుమ్మంలో పచార్లు చేసేవారు.

చివరికి ఒక్కడు మిగిలాడు. అదే పడవలో పోయిన, అరటిగెలలు మోసే కూలీ. వాడి పేరు ఎవరికీ తెలీదు.

“ఇంక చాలు, నూకరత్నం. రేపే వేసేద్దాం. మీ సూరిగాడి పేరే ముందు.”

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. జన్మంతా అడిగింది అదేగా! అయినా గుమ్మం దాటేసింది.

“ఆడికీ అమ్మ పెట్టిన పేరుంటాది కదండీ, బాబుగారూ.”

మళ్లీ రాలేదు.

చినబాబుగారు ఉండబట్టలేక తనే వెతుక్కుంటూ వెళ్లారు. రేవు రేవునా ఆవిడ పేరు చెప్పి అడిగారు. ఆఖరికి ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, పడవ నడిపే సరంగు చెప్పాడు:

“ఎవరో ముసలమ్మండి, జ్వరమొచ్చి పోయింది. పేరు తెలీదు, మేమే మట్టి చేశాం. పోతూపోతూ కూడా ‘ఈరన్న, ఈరన్న’ అంటానే ఉంది. కొడుకేమోనండి?”

కొడుకు కాదు. అది ఆ అరటిగెలల కూలీ పేరని చినబాబుగారికి అర్థమైంది. బురదలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

మర్నాడు ‘ఏటిగట్టు’ మొదటి పేజీ నిండా పేర్లే. చక్రం చినబాబుగారే తిప్పారు. ఆ తర్వాత ఆ పేపర్లో ‘మరికొందరు’ అన్న మాట పడలేదు.

ఇప్పటికీ మా ఏటి మీద పడవ విప్పే ముందు సరంగు అందరి పేర్లూ అడుగుతాడు. మేకని తోలుకొచ్చినవాడైనా గట్టిగా చెప్పాల్సిందే. అందరివీ అయ్యాక, ఒడ్డునున్నవాళ్లు “నూకరత్నం!” అని కేకేస్తారు. పడవలో వాళ్లంతా “ఉంది!” అంటారు. అప్పుడే పడవ కదులుతుంది.