ఎబో జెర్సీ మీద రాత

ప్రశ్న అడిగినవాడికి ఓటూ మాస్టారు కూర్చుని జవాబు చెప్పేవారు కాదు. "నడువు" అనేవారు. దారిలో ఏదో ఒకటి ఎదురయ్యేది. అదే జవాబు.

ఘనా దేశపు తీరాన ఒక జాలరి పేటలో ఆయన ముప్పై ఏళ్లు పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పారు. ఆ ఇసుకలో వట్టికాళ్లతో ఆడిన ఫీఫీ పన్నెండేళ్లుగా యూరప్ క్లబ్బుల్లో గోల్స్ కొడుతున్నాడు. అతని బొమ్మ లేని పడవ ఆ రేవులో లేదు. చిన్ననాటి జట్టులో గోల్‌కీపర్‌గా ఆడిన ఎబో జ్వరంతో చనిపోయాడని తెలిసి ఫీఫీ ఊరికి వచ్చి, ముందుగా మాస్టారి గడప తొక్కాడు.

"పేరొస్తే మనిషి చెడిపోతాడంటారు, మాస్టారూ. నన్ను చూడండి. నేను ఆ పాత ఫీఫీని కానా?"

"నడువు. ఎబో ఇంటికేగా."

వీధి పొడుగునా జనం ముసిరారు. టోపీలు, చొక్కాలు, బడి పుస్తకాలు చాచారు. ఒక పడవవాడు తెడ్డు అడ్డం పెట్టాడు. "దీని మీదా గీకవయ్యా! మొన్న పెనాల్టీని గోల్ పైనుంచి సముద్రంలోకే తన్నావట. ఆ బంతిని నేనే వెతికి తెస్తా!"

అందరూ ఘొల్లుమన్నారు. ఫీఫీ కూడా నవ్వాడు. నవ్వుతూనే, చెరగని నల్లసిరా పెన్నుతో చేతికి తగిలినదాని మీదల్లా తన పేరూ, తన జెర్సీ మీది తొమ్మిదో నంబరూ గీస్తూ నడిచాడు. మొహాలు చూడడం ఎప్పుడో మానేశాడు. చూస్తూ కూర్చుంటే పని తెమలదు.

ఎబో ఇంటి ముంగిట్లోకి కూడా ఆ గుంపు వెంట వచ్చింది. పక్కనుంచి ఎవరో మడిచిన గుడ్డ అందించారు. ఫీఫీ దాన్ని మోకాలి మీద పరిచి, సంతకం చేసి, తిరిగి చాచాడు.

ఎవరూ అందుకోలేదు. నవ్వులు ఆగిపోయాయి.

తలెత్తి చూస్తే పక్కన ఎఫువా, ఎబో తల్లి. ఫీఫీ చేతిలో ఉన్నది ఎబో వేసుకున్న పసుపు జెర్సీ, ఉతికి ఉతికి వెలిసిపోయినది. పదేళ్లు కలిసి ఆడిన స్నేహితుడి చేత చివరిసారి కొడుక్కి తొడిగిద్దామని ఆమె అందించింది.

ఆమెకు చదువు రాదు. ఆ నల్లటి గీతల మీద వేలుంచి అడిగింది. "ఏం రాశావు నాయనా? ప్రార్థనా?"

అవునన్నా ఆమె నమ్మేది. ఆ మాట నాలుక దాకా వచ్చినందుకు ఫీఫీ ఇంకా సిగ్గుపడ్డాడు.

"నా పేరమ్మా."

"నీ పేరు వాడికి తెలియదా, నాయనా?"

అందులో నిష్ఠూరం లేదు. అర్థం కాక అడిగింది, అంతే. అరవై వేలమంది ఈలలు వేసి గేలి చేసినా వంగని తల అక్కడ వంగిపోయింది. ఫీఫీ నీళ్ల తొట్టి దగ్గర మోకాళ్ల మీద కూలబడి, తెచ్చుకున్న మంచి బట్టలు తడుస్తున్నా చూసుకోకుండా, ఆ రాతను రుద్దాడు. వేళ్లు ఎర్రబడ్డాయి గానీ సిరా కదల్లేదు. లోపల శవం పక్కన ఆడవాళ్లు ఎదురు చూస్తున్నారు.

"మాస్టారూ, ఇది పోవడం లేదు" అన్నాడు, ఆయన మొహం చూడలేక.

ఓటూ మాస్టారు చెయ్యి పట్టి లేవదీశారు.

"రుద్దకు. తిరగేసి తొడుగు. పేరు లోపలికి పోనీ."