కుక్కపిల్లకి తోడు పెట్టారు

పెసరలంకలో పేరయ్యంత తెలివైనవాడు లేడు. ఈ మాట ఎవరన్నారు? పేరయ్యే అన్నాడు. నిజమేనని పెళ్ళాం మంగతాయారు ఒప్పుకుంది. తమ్ముడు సూరన్న రెండుసార్లు ఒప్పుకున్నాడు, మొదటిసారి ఒప్పుకున్న సంగతి మరిచిపోయి. ఇంట్లో ముగ్గురికి ముగ్గురూ ఒకే మాట మీద ఉంటే కాదనడానికి ఊళ్ళోవాళ్ళెవరు?

ఆ తెలివి ఎలాంటిదంటే, ఒకసారి వాళ్ళ నీళ్ళకుండకి అడుగున చిల్లు పడింది. ఇంకొకడైతే కొత్త కుండ కొంటాడు. పేరయ్య గడ్డం గోక్కుని ఆలోచించాడు. "నీళ్ళు బయటికి పోవడానికి దారుంది సరే, లోపలికి రావడానికి దారేదీ?" అని పక్కనే ఇంకో చిల్లు పొడిచాడు. కాసేపటికి కుండలో చుక్క లేదు. "రెండు చిల్లులూ ఒకే పక్కకి తిరిగి ఉన్నాయి. అదీ లోపం" అన్నాడు. పెళ్ళాం, తమ్ముడు నోళ్ళు తెరుచుకుని విన్నారు. ఇంత బుర్ర మన ఇంట్లో పుట్టడం మన అదృష్టం అనుకున్నారు.

ఈ ముగ్గురూ పొద్దున్నే పడవెక్కి, గోదారి పాయ దాటి అరటితోటలో పనికి పోతారు. పొద్దువాలాక వస్తారు. ఆ మధ్యలో కోతులొచ్చి తాటాకింటి చూరు దూసి, లోపలున్న వడియాలు మెక్కిపోతున్నాయి. "కుక్క ఉంటే కోతులు రావు" అన్నాడు పేరయ్య. అది మాత్రం తెలివైన మాటే. పొరపాటున నోరు జారి ఉంటాడు.

పక్కింటి అచ్చాయమ్మ కుక్క అప్పుడే పిల్లల్ని పెట్టి ఉంది. అవి పాలు మానేదాకా ఆగి, ఒకదాన్ని తెచ్చి పేరయ్య చేతిలో పెట్టింది. గోధుమరంగుది, బొద్దుగా ఉంది, చెవులు వేలాడేసుకుని ఉంది. పేరయ్య వేలు పట్టుకుని చప్పరించింది. అంతే, పేరయ్య కరిగి నీరైపోయాడు.

"ఒరే పేరయ్యా, ఇది పసిది" అంది అచ్చాయమ్మ. "పగలంతా ఒంటరిగా వదిలేస్తే బెంగపెట్టుకుంటుంది. లేకపోతే కనిపించినదల్లా కొరికి ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది. దీనికేమన్నా అయిందో, మళ్ళీ నా ఇంటికి పట్టుకుపోతాను. చెప్పలేదనేవు."

"దాన్ని నా ప్రాణంలా చూసుకుంటా అత్తా. పేరేం పెట్టమంటావు?"

"మీ ఇష్టం."

ఇంకేముంది! కుక్కపిల్ల పేరు మీఇష్టం అయిపోయింది. పేరు కాస్త కొత్తగా ఉందని సూరన్న నసిగాడు గానీ, పెద్దావిడ నోట వచ్చిన పేరు మార్చకూడదని మంగతాయారు కసిరింది.

"పనికెళ్ళేటప్పుడు దీన్నెలా వదిలెళ్ళాలి అత్తా?" అనడిగాడు పేరయ్య.

"ఏముందిరా? నోటికందేదేదీ కింద ఉంచకండి. తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి. అంతే" అని ఆవిడ వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లారుతూనే ముగ్గురూ నడుం బిగించారు. నోటికందేవన్నీ వాసాలకి కట్టేశారు. చాప, చెప్పులు, చీపురు, చేట, తిరగలి. తిరగలి కట్టడానికి ముగ్గురికీ నడుములు పడిపోయాయి. ఆఖరికి కుక్కపిల్ల తాగే నీళ్ళముంత కూడా పైకెక్కింది. పేరయ్య చేతులు దులుపుకుంటూ ఉంటే సూరన్న కేకేశాడు.

"అన్నయ్యా, కొంప మునిగింది! దీని తోక దీని నోటికి అందుతోంది!"

చూస్తే నిజమే. మీఇష్టం గుండ్రంగా తిరుగుతూ తోక కొరుక్కుంటోంది. వాసానికి కడదామంటే తోకతోపాటు కుక్క కూడా వస్తుంది. పేరయ్య బుర్ర పాదరసంలా పరిగెత్తింది. అరటిదొప్ప ఒకటి తెచ్చి, తోక చుట్టూ చుట్టి, నారతో కట్టాడు. తోక కర్రలా నిలబడింది.

"ఇక తలుపు. దగ్గరగా వెయ్యమంది. దేనికి దగ్గరగా?" అన్నాడు.

"కుక్కపిల్లకే అయ్యుంటుంది మావా. దాని గురించే కదా చెప్పింది" అంది మంగతాయారు.

అంతే. అన్నదమ్ములిద్దరూ తలుపు ఊడదీశారు. మోసుకొచ్చి, మీఇష్టం పక్కన, దానికి తగలకుండా, దగ్గరగా వేశారు. నిశ్చింతగా పడవెక్కారు.

వాళ్ళ పడవ అవతలి ఒడ్డుకి చేరకముందే మీఇష్టం తలుపు మీదుగా నడుచుకుంటూ, తోక నిక్కబొడుచుకుని, అచ్చాయమ్మ పొయ్యి దగ్గరికి చేరింది. పేరయ్య ఇంట్లో ఎంచక్కా కోతులు పండగ చేసుకున్నాయి.

సాయంత్రం అచ్చాయమ్మ దాన్ని చంకనేసుకొచ్చి చడామడా తిట్టింది. "గుమ్మానికి తలుపు లేకుండా పోతార్రా ఎవరైనా? పసిదానికి బిక్కుబిక్కుమనదూ? ఏదో ఒకటి తోడు పెట్టి వెళ్ళాలని తెలియదూ?"

"తోడా? అది మా తాయారుకి కొట్టినపిండి అత్తా!" అన్నాడు పేరయ్య. ఆవిడకి అనుమానం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

మర్నాడు మంగతాయారు చీర చెంగు దోపుకుని రంగంలోకి దిగింది. ముందు కుక్కపిల్ల పొట్టమీద చెయ్యేసి చూసింది. "గోరువెచ్చగానే ఉంది. సరైన అదును" అంది. గిన్నెడు పుల్లమజ్జిగ తెచ్చింది.

"చెంచాడు చాలదూ?" అన్నాడు సూరన్న.

"శేరు పాలకైతే చెంచాడు. ఇది శేరుకి పైనే ఉంటుంది మరిదీ" అని గిన్నెడూ దాని నెత్తిన కుమ్మరించింది. బాగా కలిసేట్టు నాలుగువేళ్ళతో కలియబెట్టింది. మీఇష్టం తుమ్మింది. దాన్ని మూల కూర్చోబెట్టి, పైన గంప బోర్లించి, గంప మీద రాయి పెట్టి, "కదపకండి, తోడుకోదు" అని హెచ్చరించింది.

ఆ రోజు తోటలో పేరయ్యకి పని సాగలేదు. గెల కొయ్యబోతూ ఆగి, "ఈపాటికి పేరుకుని ఉంటుందంటావా?" అని పెళ్ళాన్ని అడుగుతూనే ఉన్నాడు. పేరుకున్నాక మళ్ళీ పరిగెడుతుందా, లేక తొణకకుండా కూర్చుంటుందా అన్నది అతని దిగులు. కూర్చుంటే మేలే, పనికి పోవచ్చు. కానీ వేలు చప్పరించదేమో.

ఇంటికొచ్చేసరికి అచ్చాయమ్మ గంప ఎత్తి పిల్లని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఒళ్ళంతా చీమలు పట్టి, మజ్జిగ కంపు కొడుతోంది అది. పేరయ్య వంగి వాసన చూశాడు.

"తోడుకోలేదు తాయారూ, పులిసిపోయింది. ఎండాకాలం కదూ!"

అచ్చాయమ్మ నెత్తి కొట్టుకుంది. "ఒరే మట్టిబుర్రల్లారా, మీ ముగ్గురిలో ఒకడు ఇంటిపట్టున ఉండి దానిమీద ఓ కన్నేసి ఉంచలేరా?"

"ఉంచుతాం. ఏ కన్ను?" అన్నాడు సూరన్న.

ఆవిడ పిల్లని వాడి ఒళ్ళో పడేసి లేచి వెళ్ళిపోయింది. సూరన్న బాగా ఆలోచించి కుడికన్ను ఖాయం చేశాడు. మర్నాడు అన్నా వదినా పనికి పోగానే, ఎడమకంటికి తువ్వాలు కట్టుకుని, మీఇష్టం ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. కాసేపు బాగానే ఉంది. తరవాత మీఇష్టం లేచి ఎడమ పక్కకి పోయింది. సూరన్న కదల్లేదు. అటువైపు కన్ను వెయ్యమని ఎవరూ చెప్పలేదు. అటు పక్క చేపల పులుసు దాక దభీమని పడింది. లొటలొట తాగిన చప్పుడైంది. వదిన చీర పర్రున చిరిగింది. సూరన్న కుడికన్ను మాత్రం రెప్పవేయకుండా ఖాళీ గోడనే కాపలా కాసింది.

చేపముల్లు గొంతులో ఇరుక్కుని కుక్కపిల్ల కక్కుకుంటూ ఉంటే అచ్చాయమ్మ విని పరిగెత్తుకొచ్చింది. నోట్లో వేలు పెట్టి ముల్లు లాగి పారేసింది.

"పక్కనే అది చస్తోంటే వినబడలేదురా?"

"వినబడింది అత్తా. కన్నెయ్యమన్నావు గానీ చెవెయ్యమన్నావా?"

ఆ పూట పేరయ్య వచ్చి సంగతి విని బెంబేలెత్తిపోయాడు. మీఇష్టం గొంతు నిమురుతూ కూర్చున్నాడు. అన్నం తినలేదు. అచ్చాయమ్మకి ఒక పక్క ఒళ్ళు మండుతున్నా, వాడి మొహం చూసి ఇంకోసారి జాలిపడింది. మూర్ఖుల మీద జాలి ఎప్పటికీ చేటే.

"వినరా. నువ్వు వెళ్ళేటప్పుడు దాన్ని ముద్దులాడి, కౌగిలించుకుని, అది చూస్తుండగా పోతున్నావు. అందుకే దానికంత బెంగ. అలా కాదు. చెప్పా పెట్టకుండా జారుకోండి. పొద్దున నేను కూడా ఇటువైపు ఓ చెవి పడేస్తాలే" అంది.

ఆవిడ చెవి ఎక్కడ పడేస్తుందోనని సూరన్న వాకిలంతా వెతికాడు. దొరకలేదు.

తెల్లారింది. చెప్పకుండా పొమ్మంది కాబట్టి ముగ్గురూ నోళ్ళకి చేతులడ్డం పెట్టుకున్నారు. పెట్టకుండా పొమ్మంది కాబట్టి కుక్కపిల్లకి అన్నం పెట్టలేదు. ఇక మిగిలింది జారుకోవడం. వాకిలి నుంచి పాయ ఒడ్డుదాకా పల్లమే. మంగతాయారు బిందెలకి బిందెలు నీళ్ళు కుమ్మరించింది. నేల జిగటగా అయ్యాక ముగ్గురూ వరసగా కూర్చుని, సైగ చేసుకుని, జారారు.

ఇంకేముంది! ముందు పేరయ్య, వెనక పెళ్ళాం, ఆ వెనక తమ్ముడు, కొబ్బరికాయల్లా దొర్లుకుంటూ పోయి పాయలో పడ్డారు. ఇదేదో మంచి ఆటలా ఉందని మీఇష్టం కూడా ఎగురుకుంటూ వచ్చి దూకేసింది.

ఒడ్డునే పడ్డ ముగ్గురికీ నడుం లోతు నీళ్ళే. కుక్కపిల్ల తేలిక. నీటి వడికి అది పక్కకి కొట్టుకుపోయింది. మూతి ఒకసారి పైకి తేలింది, మునిగింది. పేరయ్య అరుద్దామని నోరు తెరిచాడు. చెప్పకూడదని గుర్తొచ్చి, మళ్ళీ మూసుకున్నాడు. కన్నీళ్ళు కారుతుంటే చేతులు మాత్రం గాలిలో ఆడించాడు.

అచ్చాయమ్మ నిజంగానే చెవి ఇటు పెట్టి ఉంది కాబట్టి సరిపోయింది. దబదబమన్న చప్పుడుకి వచ్చి, చీర ఎగదోసుకుని నీళ్ళలోకి దిగి, పిల్లని మెడపట్టి లాగింది. అది నీళ్ళు కక్కి, ఒళ్ళు విదిలించి, మొదట పేరయ్య వేలునే వెతుక్కుంది.

"చాలురా, మీకో దండం!" అంది ఆవిడ వగరుస్తూ. "నేనివాళ సంతకి పోవాలి. దీన్ని మోసుకు పోలేను. పొద్దువాలేదాకా మీ దగ్గరుంచండి, వచ్చి తీసుకుపోతా. ఒంటరిగా వదిలారో, ఇల్లు పీకి పందిరేస్తుంది! తెలిసిందా?"

ఆవిడ పోయాక ముగ్గురూ తడిబట్టలతో మొహాలు చూసుకున్నారు.

"కుక్కలు పందిరి కూడా వేస్తాయా?" అన్నాడు సూరన్న.

"అత్తకి కుక్కల సంగతి బాగా తెలుసు" అంది మంగతాయారు. "అయినా నిన్న పెరట్లో కాళ్ళతో గుంట తవ్వడం చూశాను. రాటలు పాతడానికే అయ్యుంటుంది."

పేరయ్య కుక్కపిల్ల వంక చూశాడు. పసిది. పళ్ళతో తాటాకు పీకుతుంది సరే. వాసాలు ఎలా దింపుతుంది? ఒక్క వాసం మీద పడినా నడుం ఉంటుందా? అంత పని దాని నెత్తిన పెట్టి, తాము తీరిగ్గా అరటిగెలలు కోసుకుంటారా? మనుషులేనా?

"ఈ పని మనమే చేసేద్దాం" అన్నాడు. "అన్నీ అయిపోయి ఉంటే అదిక చెయ్యాల్సిందేమీ ఉండదు. హాయిగా పడుకుంటుంది."

అంతే! పనికి పోవడం మానేశారు. కుక్కపిల్లకి దెబ్బ తగలకుండా దూరంగా నీడలో కట్టేసి, నోటికి అందేంతలో అన్నం, నీళ్ళు పెట్టారు. దాన్ని అంత చక్కగా చూసుకున్న రోజు అదొక్కటే. తాటాకు దింపారు. వాసాలు దింపారు. గోడలు కూలగొట్టారు. ఇల్లున్న చోటే రాటలు పాతి, నాలుగు కొబ్బరి మట్టలు కప్పి, మామిడాకులు కూడా కట్టారు. చెమటలు తుడుచుకుని పందిరి కింద కూర్చుంటే పేరయ్య ఛాతీ ఉప్పొంగింది.

దారినపోయేవాడొకడు ఆగి, "పెళ్ళా? పిల్లనెవరికిస్తున్నారు?" అనడిగాడు.

"అచ్చాయమ్మత్తకి. సాయంత్రం వచ్చి తీసుకుపోతానంది" అన్నాడు సూరన్న. వాడు గబగబా అడుగులేసుకుంటూ పోయాడు.

పొద్దువాలుతూ ఉంటే అచ్చాయమ్మ సంత బుట్టతో వచ్చింది. వచ్చి, ఆగి, తన ఇల్లు చూసుకుంది. మళ్ళీ ఇటు చూసింది.

"పేరయ్యా, ఇల్లేదిరా?"

"పీకేశాం అత్తా. దానికి శ్రమ లేకుండా."

ఆవిడ బుట్ట కింద పెట్టింది. నెమ్మదిగా అడిగింది. "మరి మీరెక్కడ పడుకుంటార్రా?"

"ఇంట్లో" అంది మంగతాయారు. అని, చుట్టూ చూసింది.

పైన ఉరిమింది. కొబ్బరి మట్టల సందుల్లోంచి ఒక చినుకు వచ్చి పేరయ్య ముక్కు మీద పడింది. అచ్చాయమ్మ కుక్కపిల్లని విప్పి చంకనేసుకుంది.

"దీన్ని నేను పట్టుకుపోతున్నా. మీ నీడ కూడా దీనిమీద పడడానికి వీల్లేదు. మీలో ఎవరైనా నా గడప తొక్కారో, కాళ్ళు విరగ్గొడతా!" అని విసవిసా వెళ్ళిపోయింది.

మీఇష్టం ఆవిడ భుజం మీంచి వెనక్కి చూస్తూ కుయ్యిమంది. పేరయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. వాన దంచడం మొదలుపెట్టింది. పందిరి కింద వాన, బయట వాన. తువ్వాలు పిండుకుంటూ పిండుకుంటూ ఉండగా, అతని మొహం ఉన్నట్టుండి వెలిగింది.

"తొక్కొద్దంది. రావద్దనలేదు!"

అచ్చాయమ్మ పొయ్యి దగ్గర గంజి వార్చి చల్లారబెట్టి, కుక్కపిల్లకి పెడదామని వంగింది. గుమ్మంలో దభీమని చప్పుడు. పేరయ్య ఎగిరొచ్చి లోపల పడ్డాడు. వెనకే మంగతాయారు, చంకలో బిందెతో సహా దూకింది. ఆ వెనక సూరన్న.

"చూశావా అత్తా?" అన్నాడు పేరయ్య, మీఇష్టాన్ని ఒళ్ళోకి లాక్కుంటూ. "నీ మాట జవదాటలేదు. ఒక్కరం తొక్కలేదు!"

కుక్కపిల్ల వాడి వేలు నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆవిడ గరిటె ఎత్తి, ఎవర్ని ముందు కొట్టాలో తేలక అలాగే నిలబడిపోయింది. ఈలోగా సూరన్న తన కాలివంక అనుమానంగా చూసుకున్నాడు.

"అన్నయ్యా, నా మడమ కాస్త తగిలినట్టుంది."

అంటూనే బయటికి దూకి, వానలో పాయ ఒడ్డుదాకా వెనక్కి నడిచి, పరిగెత్తుకుంటూ వచ్చి, ఈసారి గడపకి జానెడెత్తున ఎగిరాడు. గడప దాటాడు, బిందె దాటాడు, వదినని దాటాడు, రెండు కాళ్ళతో గంజి గిన్నెలో దిగాడు.

"ఇప్పుడు తగల్లేదు కదా?" అన్నాడు.